కంటి అంచనా, కాంటా లెక్క: బరువు తగ్గాలంటే అన్నం కొలుచుకోవాల్నా?

2024 ఫిబ్రవరి మేడారం జాతరకు పోయినప్పుడు మా అమ్మకు ఒక మొక్కు ఉండె, కొడుకు ఎత్తు బంగారం సమ్మక్క సారలమ్మలకు ఇస్తనని. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, మేడారంల బంగారం అంటే బెల్లమే, కాంటా మీద నిలబడితే ఎన్ని కిలోలు వస్తే అన్ని కిలోల బెల్లం కొని గద్దెల దగ్గర పెట్టాలె. నేను మనసుల 80, మహా అయితే 82 ఉంటనేమో అనుకుంట ఎక్కిన. 91 చూపెట్టింది. బెల్లం దుకాణపాయన ఖుషీ, మా అమ్మ పర్సు తీసుకుంట "గింత ఎప్పుడైనవ్ బిడ్డా" అన్నది, ఎనుక లైన్ల ఉన్నోళ్లు నవ్విన్రు.

సొంత ఒంటి బరువునే దగ్గర దగ్గర 10 కిలోలు తక్కువ అనుకున్నోన్ని, పళ్లెంల పెట్టుకున్న అన్నం ఎంతుందో కరెక్టుగా చెప్పగలుగుతనా? హన్మకొండ వచ్చినంక డైటింగ్ మొదలువెట్టిన, భద్రకాళి బండ్ మీద వాకింగ్, రాత్రికి అన్నం బందు, రొట్టె. రెండు నెలలైనా కిలోనర కన్నా ఎక్కువ తగ్గలే. ఎవలు అడిగినా ఒకటే మాట చెప్పేటోన్ని, "తక్కువనే తింటున్న అన్నా, నా బాడీ గంతే, థైరాయిడో ఏందో". థైరాయిడ్ టెస్ట్ చేపిస్తే నార్మల్ అని వచ్చింది, కొంచం బాధ కూడా అనిపించింది నిజం చెప్పాలంటే.

ఈ "తక్కువనే తింటున్న" అనే మాట మీద ఒక పాత స్టడీ ఉన్నది. 1992ల న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌ల వచ్చింది, స్టీవెన్ లిక్ట్‌మన్ అనే ఆయన టీం న్యూయార్క్‌ల చేసింది. రోజుకు 1200 క్యాలరీల కన్నా తక్కువ తింటున్నం, అయినా బరువు తగ్గుతలేదు అని చెప్పేటోళ్లను 10 మందిని తీసుకొని గట్టిగ పరీక్షించిన్రు. మెటబాలిజం స్లో ఉన్నదేమో అని చూస్తే అందరికీ మామూలుగానే ఉన్నది. తేడా అంతా లెక్కల దగ్గర. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పిన్రు, చేసిన కష్టాన్ని 51 శాతం ఎక్కువ చేసి చెప్పిన్రు. అబద్ధం ఆడిన్రా అంటే కాదు, చాలామంది నిజంగానే అంతే తిన్నమని నమ్మిన్రు, ఫలితం చూసి పరేషాన్ అయిన్రట.

మరి వాళ్లు నిజంగ ఎంత తిన్నరో ఎట్ల తెలిసింది అని మీకు డౌట్ రావాలె, నాకైతే వచ్చింది. దానికి ఒక పద్ధతి ఉన్నది, మనిషికి స్పెషల్ నీళ్లు తాగిస్తరు, ఆ నీళ్లల్ల హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ కొంచం బరువు రకానివి ఉంటయి, ప్రమాదం ఏం ఉండదు. హైడ్రోజన్ ఒంట్లకెళ్లి నీళ్ల రూపంల మాత్రమే బయటికి పోతది, ఆక్సిజన్ నీళ్లల్ల కూడా పోతది, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ల కూడా పోతది. వారం పది రోజులు మూత్రం టెస్ట్ చేసి రెండూ ఏ స్పీడుల తగ్గుతున్నయో చూస్తే ఆ తేడాలకెళ్లి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిండో, అంటే ఎంత ఎనర్జీ కాల్చిండో తెలుస్తది. కాల్చినంత ఎనర్జీ ఎక్కడికెళ్లో రావాలె గదా, తిండికెళ్లో లేకపోతే ఒంట్ల కొవ్వుకెళ్లో. ఒంటి బరువుల, కొవ్వుల మార్పు చూసుకొని తీసేస్తే మిగిలింది తిన్న తిండే. నోటితోని చెప్పిన లెక్క ఈ లెక్క ముందు దొరికిపోతది.

ఇంకోటి చెప్త, ఇది నాకు ఎక్కువ నచ్చింది. 2002ల అమెరికాల డైటీషియన్లనే ఇట్ల టెస్ట్ చేసిన్రు, 10 మంది డైటీషియన్లు, 10 మంది మామూలు ఆడోళ్లు. మామూలోళ్లు రోజుకు సుమారు 430 క్యాలరీలు తక్కువ రాసిన్రు, డైటీషియన్లు సుమారు 220 తక్కువ రాసిన్రు. అంటే చదువుతోని తప్పు సగం అయింది, పోలే. ఇంకో విషయం చూడుండ్రి, రెండు గుంపులదీ తప్పు ఒకటే దిక్కు ఉన్నది, తక్కువ దిక్కు.

ఈ పాయింట్ కాడ జర ఆగాలె. చానామంది ఏమనుకుంటరంటే, అంచనా అంటే ఒకరోజు ఎక్కువ అయితది, ఒకరోజు తక్కువ అయితది, నెల మొత్తం మీద సమానం అయితది అని. కానీ బరువు తగ్గాలె అనుకునేటోని అంచనా ఎప్పుడూ ఒకే పక్కకు ఒరుగుతది, ఎందుకంటే ఆకలి కూడా ఆ లెక్కల కూసుంటది.

రెండు పెద్ద అంకెల నడుమ చిన్న గ్యాప్

ఇప్పుడు అసలు లెక్క. మనిషి రోజుకు 2200 క్యాలరీలు కాలుస్తున్నడు అనుకుందాం, 1700 తింటే 500 లోటు. కిలో కొవ్వుకు సుమారు 7700 క్యాలరీలు అని ఒక మోటు లెక్క ఉన్నది, ఆ లెక్కన మొదట్ల వారానికి అరకిలోకు కొంచం తక్కువ తగ్గాలె. పోను పోను స్పీడు తగ్గుతది, ఎందుకంటే ఒళ్లు చిన్నగైతున్న కొద్దీ కాల్చేది కూడా తగ్గుతది, అది వేరే ముచ్చట. ఇప్పుడు ఈ మనిషి 1700 అనుకొని తింటున్నది నిజంగ 2100 అనుకో. తప్పు ఎంత, 400. తిండి మొత్తం మీద చూస్తే ఇరవై శాతం కూడా కాదు, కానీ లోటు మీద చూస్తే 500ల 400 ఎగిరిపోయింది, ఉన్న లోటు వందే. వారానికి వంద గ్రాములు కూడా తగ్గడు, ఆ వంద గ్రాములు ఒక గ్లాసు నీళ్లల్ల కలిసిపోయి కనపడదు కూడా.

అందుకే "కొంచం అటు ఇటు అయితే ఏమైతది" అనే మాట మామూలు మనిషికి కరెక్టే గానీ బరువు తగ్గేటోనికి కాదు. వ్యాపారంల లాభం లెక్క ఇదే, లక్ష రూపాయల సరుకుల రెండువేల లాభం వచ్చే కాడ రెండు శాతం తూకం పోతే లాభం మొత్తం పోయినట్టే. ఈ మాట నాది కాదు, మా బాపుది.

మా బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల దడువాయి. అంటే లైసెన్స్ ఉన్న తూకం మనిషి, రైతు తెచ్చిన పత్తి, మిర్చి, మక్కలు కాంటా ఏసి తక్‌పట్టీకి (అమ్మిన సరుకు లెక్క చిట్టీకి) బరువు రాపిచ్చే పని. ఇప్పుడు రిటైర్ అయ్యి ఇంట్ల ఉంటున్నడు. ఆయనకు ఒక విద్య ఉన్నది, మిర్చి బస్తాను ఒక మూల పట్టుకొని జర లేపి ఇంత అంటడు, కాంటా మీద పెడితే కిలో అటు ఇటు. చిన్నప్పుడు నేను దోస్తులను తీస్కపోయి చూపెట్టేటోన్ని. కానీ అదే బాపు అన్నం తినేటప్పుడు "ఎంత తిన్నవ్" అంటే "ఎంత, గింతే, రెండు ముద్దలు" అంటడు, పళ్లెంల చూస్తే గుట్ట ఉంటది.

దీని గురించి చాన రోజులు ఆలోచించిన. బస్తాను అంత కరెక్టుగా చెప్పే మనిషి పళ్లెం కాడ ఎందుకు తప్పుతడు? బస్తా కాడ ఆయన అంచనా వేసిన ప్రతిసారీ ఒక నిమిషంల కాంటా జవాబు చెప్పింది, నువ్వు అన్నది 43, ఉన్నది 41 అని, అట్ల ఏండ్లకేండ్లు వేలసార్లు. అన్నం కాడ ఒక్కసారి కూడా ఎవలూ జవాబు చెప్పలే. మనందరి కథ అదే. నలభై ఏండ్ల సంది రోజూ అన్నం చూస్తున్నం కాబట్టి అన్నం గురించి తెలుసు అనుకుంటం గానీ మన కన్నుకు ఒక్కరోజు కూడా పరీక్ష పెట్టలే.

అందుకని కొలుచుడా, అంచనానా అని కొట్లాడుడే తప్పు ప్రశ్న అని నాకనిపిస్తది. కొలుచుడు అనేది అంచనాకు బడి. బడికి పోకుండ పరీక్ష రాస్తే ఏమైతదో అదే అయితుంది మనకు.

కన్ను ఎక్కడెక్కడ మోసపోతది

మొదటిది గుట్ట. పళ్లెంల అన్నం గుట్టలెక్క ఉంటది, దాన్ని మనం పైకెళ్లి చూస్తం, వెడల్పు కనపడతది, ఎత్తు అంతగ కనపడది. అన్నం గుట్ట అన్ని దిక్కులా పదో వంతు పెరిగితే, అంటే వెడల్పు 10 శాతం, పొడుగు 10 శాతం, ఎత్తు 10 శాతం, మొత్తం అన్నం 33 శాతం పెరుగుతది. ఇరవై శాతం పెరిగితే 73 శాతం. కంటికి "నిన్నటంతనే ఉన్నది, జర ఎక్కువ" అనిపించేది కాంటా మీద ఒకటిం ముప్పావు రెట్లు. నేను వంటింటికి చిన్న కాంటా తెచ్చిన మొదటిరోజు ఎప్పటిలెక్క పెట్టుకొని, 200 గ్రాములు ఉంటదని పేపర్ మీద రాసుకొని తూకం ఏసిన. 420. మారు అన్నం ఇంకా పెట్టుకోలేదు అప్పటికి. 220 గ్రాముల తేడా అంటే 280 క్యాలరీల దాకా, ఒక్క పూటకు.

చిన్న పళ్లెంల తింటే తక్కువ తింటరు అని ఒక మాట బాగా తిరుగుతది గదా, దాన్ని ఎక్కువ ప్రచారం చేసిన అమెరికా కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రయాన్ వాన్సింక్ పరిశోధన పేపర్లు డజనుకు పైగా జర్నల్స్ వెనక్కి తీసుకున్నయి, 2018ల యూనివర్సిటీనే ఆయన పరిశోధనల తప్పు చేసిండని తేల్చింది. చిన్న పళ్లెం వల్ల నష్టం ఏం లేదు, పెట్టుకోండ్రి, కానీ మారు ఏసుకునే మనిషిని పళ్లెం ఆపలేదు.

రెండోది నూనె. ఇది అన్నింటికన్నా పెద్ద దొంగ. పిండి పదార్థం గ్రాముకు 4 క్యాలరీలు, ప్రొటీన్ 4, కొవ్వు 9. అన్నం అంటే సగానికి పైగా నీళ్లే ఉంటయి, కూరగాయల అయితే ఇంకా ఎక్కువ, నూనెల నీళ్లే ఉండవు, మొత్తం కొవ్వే. పైగ కూరల కలిసిపోతది, వంకాయ పీల్చుకుంటది, ఇంక కంటికి ఏం కనపడతది. చిన్న చెంచా నూనె నాలుగున్నర గ్రాములు, 40 క్యాలరీలు. మా ఇంటామె తాలింపుకు "రెండు చెంచాలే ఏస్తున్న" అనేది, నేను ఏం మాట్లాడకుండ నూనె డబ్బాను వంటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కాంటా మీద పెట్టిన. 46 గ్రాములు పోయింది. ఆమెకు కోపం వచ్చింది, న్యాయమే, తూకం వేసే ముందు చెప్పాల్సి ఉండె. తెల్లారి ఆమెనే వేసి చూసింది, 44. ఆమె అబద్ధం చెప్పలే, ఆమె చెంచా అంటే గరిటె అని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

మూడోది చేతి తిండి. పల్లీలు గుప్పెడు తింటే గుండెకు మంచిది అంటరు, అవుగానీ ఎవరి గుప్పెడు? పల్లీలు 100 గ్రాములకు 520 క్యాలరీల పైనే. 30 గ్రాములు అయితే 160 చుట్టూ, నా గుప్పెడు కాంటా మీద 52 గ్రాములు ఉండె, 270. మన దగ్గర చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు అని ఎన్ని మాటలు ఉన్నయో చూడుండ్రి, అన్నీ చేతి కొలతలే. గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు అనేటియి పాత్ర కొలతలు. పాత్ర అందరికీ ఒక్కటే ఉంటది, చెయ్యి మనిషికో తీరు, అందుకే బియ్యం బదులు ఇచ్చేటప్పుడు మా నాయనమ్మ సోలతోనే కొలిచేది, చారెడుతోని ఇచ్చేది కాదు. ఉప్పు, పసుపు, బిచ్చగానికి ఏసే గింజలు, వీటికి చెయ్యి సరిపోతది. అప్పు సరుకుకు సరిపోదు. బరువు తగ్గుడు అప్పు లెక్కే.

సర్వపిండి సంగతి కూడా చెప్పాలె, మన వరంగల్ల దాన్ని వదిలిపెడితే పాపం. ఒక్కటే తిన్న అంటం. బియ్యం పిండి 100 గ్రాములు, పల్లీలు 15, శనగపప్పు 10, నువ్వులు 5, గిన్నెకు రాసిన నూనె, పైన బొక్కలల్ల పోసిన నూనె కలిపి 15 గ్రాములు, లెక్క కడితే 620 క్యాలరీల చుట్టూ వస్తది, ఒక పూట భోజనం. తినొద్దు అంటలేను, టిఫిన్ అనుకొని తిని మళ్ల ఒంటిగంటకు అన్నం తినొద్దు.

తేమ

కాంటా కొన్నోళ్లు కూడా తప్పు చేసే జాగ ఒకటున్నది, అది పచ్చి బరువు, వండిన బరువు. వడ్లు అమ్మినోళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కొనుగోలు సెంటర్‌ల 17 శాతం కన్నా తేమ ఎక్కువ ఉంటే తీసుకోరు, ఆరబెట్టుకొని రమ్మంటరు, తరుగు గురించి ఎన్ని లొల్లులు అయితయో మనకు తెల్సిందే. ఎందుకు, తేమ ఉన్న వడ్లల్ల నీళ్లకు కూడా పైసలు పోతయి కాబట్టి. అన్నం కూడా గంతే. పచ్చి బియ్యం 100 గ్రాములకు సుమారు 350 క్యాలరీలు, అదే బియ్యం వండితే నీళ్లు పీల్చుకొని 250 నుంచి 300 గ్రాముల అన్నం అయితది, క్యాలరీలు మాత్రం అవే 350. అంటే అన్నం 100 గ్రాములకు 130 చుట్టూ.

ఇప్పుడు మనోడు ఫోన్ల క్యాలరీలు లెక్కపెట్టే యాప్‌ల ఏం చేస్తడంటే, 300 గ్రాముల అన్నం తూకం ఏసి, యాప్‌ల బియ్యం అని ఉన్నదాన్ని నొక్కుతడు, అది పచ్చి బియ్యం లెక్క, 1050 చూపెడతది, గుండె ఆగుతది, రాత్రికి పస్తుంటడు. ఇంకోడు ఉల్టా, పచ్చి బియ్యం 100 గ్రాములు తూకం ఏసి వండుకొని, వండిన అన్నం 100 గ్రాములు అని కొడతడు, 130 వస్తది, తిన్నది 350. వీళ్లిద్దరికన్నా అసలు తూకం వేయనోడే నయం. పప్పు అయితే ఇంకా గమ్మత్తు, పల్చగ చేసిన పప్పు గిన్నెడుల 20 గ్రాముల కందిపప్పు కూడా ఉండకపోవచ్చు, గట్టి పప్పు అయితే 50 ఉండొచ్చు, రెండూ యాప్ దృష్టిల ఒక కటోరి. కప్పు అన్న మాటను కూడా నమ్మొద్దు, అమెరికా కప్పు 240 ఎంఎల్, రైస్ కుక్కర్ తోని వచ్చే కప్పు 180 ఎంఎల్, మన ఇంట్ల చాయ్ కప్పు ఎంతనో దేవునికే తెలుసు.

అందుకని సులువు పద్ధతి, పొయ్యి మీద పెట్టకముందే తూకం వేయండ్రి. హైదరాబాద్ తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది గదా, ఎన్ఐఎన్, 1918ల కూనూర్‌ల మొదలై 1958ల ఇక్కడికి వచ్చింది, వాళ్లు 2017ల అచ్చేసిన భారత ఆహార పట్టికల పచ్చి సరుకు లెక్కలే ఎక్కువ, 2024ల ఇచ్చిన గైడ్‌లైన్స్‌ల కూడా 2000 క్యాలరీల మనిషికి 250 గ్రాముల తృణధాన్యాలు, 85 గ్రాముల పప్పులు గుడ్లు మాంసం, 400 గ్రాముల కూరగాయలు, 27 గ్రాముల నూనె అని చెప్పింది పచ్చి బరువే. అదే పట్టికల ఇంకోటి కూడా ఉన్నది, బియ్యం 100 గ్రాములకు 356, జొన్నలు 334. అంటే జొన్నరొట్టె తింటున్న కాబట్టి తగ్గుత అనుకునేటోళ్లు ఎన్ని రొట్టెలు, ఎంత పిండి అని చూసుకోవాలె. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటది, మంచిదే, కానీ పిండి పిండే. రాత్రికి అన్నం బందు పెట్టి నేను తిన్న మూడు రొట్టెల పిండి తర్వాత తూకం ఏసిన, 210 గ్రాములు. నవ్వొచ్చింది.

ఒకే గిన్నె, నలుగురు తినేటోళ్లు

ఈ కొలతల సలహాలు చాన మటుకు ఒక్కడే వండుకొని ఒక్కడే తినే మనిషి కోసం రాసినట్టు ఉంటయి. మన ఇండ్లల్ల ఒకటే కూర గిన్నె, నలుగురు. ఎట్ల మరి? ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూకం ఏసి గోడ మీద రాసుకోండ్రి, మా బాపు దీన్ని పాసంగం అంటడు, సరుకు కన్నా ముందు తక్కెడను సరిచేసుకునుడు. కూరల ఏసిన నూనె, మాంసం, పల్లీలు పచ్చిగ తూకం ఏసి లెక్క కట్టండ్రి. వండినంక గిన్నెతో సహా తూకం ఏసి గిన్నె బరువు తీసేయండ్రి. కూర మొత్తం 1200 గ్రాములు, మొత్తం క్యాలరీలు 1800 అయితే, నువ్వు పెట్టుకున్న 200 గ్రాములకు 300. అన్నానికి కూడా ఇట్లనే ఒక్కసారి చేస్తే మీ కుక్కర్‌ల, మీ బియ్యానికి ఎంత పెరుగుతదో తెలుస్తది, మళ్ల మళ్ల చేసే పని లేదు. గంజి వంపే ఇంట్ల లెక్క కొంచం వేరే వస్తది. పండుగకు సకినాలు కాల్చేటప్పుడు కూడా మూకుడుల నూనె ముందు ఎంత, తర్వాత ఎంత అని చూస్తే ఎంత పీల్చిందో బయటపడతది, మా అమ్మ మాత్రం సంక్రాంతి పూట కాంటా వంటింట్లకు రానియ్యలే.

ఇంత ఓపిక లేనోళ్లకు నెల లెక్క ఒకటి చెప్త, నా దృష్టిల ఇదే అన్నింటికన్నా పైసా ఖర్చులేని మంచి కొలత. నెలకు ఇంట్లకు ఎంత నూనె వస్తుందో చూడుండ్రి. లీటర్ ప్యాకెట్ మీద 910 గ్రాములు అని రాసుంటది, నూనె నీళ్లకన్నా తేలిక కాబట్టి. నలుగురు ఉన్న ఇంట్ల నెలకు 5 లీటర్లు అయిపోతే, 4550 గ్రాములు, 30 రోజులు, నలుగురు, మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 క్యాలరీలు. ఎన్ఐఎన్ చెప్పింది 27. ఇక్కడ కాంటా లేదు, యాప్ లేదు, కిరాణ చిట్టీ ఉన్నది, చిట్టీ అబద్ధం చెప్పదు. చక్కెరకు, పల్లీలకు కూడా గిదే లెక్క.

ఏవి కొలవాలె ఏవి వదిలేయాలె అంటే, తప్పు అయితే ఎంత నష్టం అనేది చూడాలె. సొరకాయ, బీరకాయ, టమాట 100 గ్రాములకు 20 క్యాలరీలు కూడా దాటవు, వంద గ్రాములు తప్పు చెప్పినా పోయేది ఏం లేదు, పాలకూర తూకం వేసేటోన్ని చూస్తే నాకు జాలి అయితది. గుడ్డు లెక్క ఎట్లాగూ తెల్సిందే, ఒకటికి 70, 75. నూనె, నెయ్యి, బియ్యం, పిండి, పల్లీలు, చక్కెర, మాంసం, గివి కొలిస్తే దాదాపు కథ అంతా దొరికినట్టే. చాయ్ మర్చిపోవద్దు, ఒక్క కప్పుల పాలు, రెండు చెంచాల చక్కెర కలిపి వంద క్యాలరీలు ఈజీగ ఉంటది, మన కాడ రోజుకు నాలుగు చాయ్‌లు మామూలే, ఎవలూ వాటిని తిండి అనుకోరు. ఆదివారం దావత్ల మందు తాగేటోళ్లు, గ్రాము ఆల్కహాల్‌కు 7 క్యాలరీలు, 60 ఎంఎల్ విస్కీకి 140 చుట్టూ, స్టఫ్ అదనం.

కాంటా కూడా దేవుడు కాదు

ఇంత చెప్పినంక ఇంకో పక్క కూడా చెప్పాలె, లేకుంటే మోసం చేసినట్టు అయితది. కాంటా గ్రాము గ్రాము చూపెడతది గానీ ఆ గ్రాముకు ఎన్ని క్యాలరీలు అనేది పట్టికల సగటు లెక్క. ఒక మేక మాంసంల కొవ్వు ఎంతనో ఏ యాప్‌కు తెల్వదు. నువ్వు రోజుకు ఎంత కాలుస్తవ్ అని యాప్ చెప్పేది కూడా ఫార్ములా అంచనానే, మనిషి మనిషికి పది శాతం తేడా మామూలు. అంటే గ్రాము తప్పకుండ కొలిచినా రెండు దిక్కుల కొంత అంచనా మిగిలే ఉంటది. అందుకే 1 గ్రాము, 2 గ్రాముల కోసం చెంచాతోని అన్నం తీసుడు, ఏసుడు చేసేటోళ్లను చూస్తే, సారూ, గంత అవసరం లేదు అనాలనిపిస్తది.

మరి నిజం ఎవలు చెప్తరు? ఒళ్లే చెప్తది, కానీ నిదానంగ. పొద్దున లేచి బాత్రూం పోయొచ్చినంక, ఏం తినకముందు బరువు చూసుకోవాలె, ఒక్కరోజు అంకె పట్టించుకోవద్దు, ఏడు రోజుల సగటు తీయాలె, వారం సగటును పోయిన వారం సగటుతోని పోల్చాలె. ఆదివారం బగారన్నం, మటన్ తిని సోమవారం కిలోంబావు పెరిగితే అది కొవ్వు కాదు, ఉప్పు పట్టుకున్న నీళ్లు, కడుపుల ఉన్న తిండి, పిండి పదార్థంతో పాటు కండల్ల చేరిన నీళ్లు. ఒక్కరోజుల కిలో కొవ్వు చేరాలంటే అవసరం కన్నా 7700 క్యాలరీలు ఎక్కువ తినాలె, బంతిల కూసున్న ఎవనితోని కాదు. ఆడోళ్లకు నెలసరి ముందు నీళ్ల బరువు ఇంకా పెరుగుతది, వాళ్లు నెలకు నెల పోల్చుకునుడు మంచిది.

ఈ సగటు మూడు నాలుగు వారాలు కదలకపోతే లెక్కల ఎక్కడో లీకేజీ ఉన్నట్టు, ఎక్కడ అని వెతికే ఓపిక లేకపోయినా పర్వాలేదు, ఉన్నదాంట్ల ఒక 200 తగ్గిస్తే సరిపోతది. ఇక్కడ అంచనాకు కూడా ఒక న్యాయం ఉన్నది. నీ అంచనా తప్పే కావచ్చు, రోజూ ఒక్కతీరు తప్పు అయితే దానితోని పని నడుస్తది. రోజూ అదే గిన్నె, అదే గరిటె, అంచు దాకా ఒత్తకుండ. గోడ గడియారం పది నిమిషాలు లేటున్నా, రోజూ పదే నిమిషాలు లేటుంటే బస్సు దొరుకుతది గదా. ఇబ్బంది ఎక్కడొస్తదంటే సోమవారం సంది శుక్రవారం దాకా ఒక గరిటె, శని ఆదివారాలు ఇంకో గరిటె, పెండ్లిండ్ల సీజన్ల అసలు గరిటె మన చేతుల ఉండదు, వడ్డించేటోడు "తినన్నా, ఏంగాదు" అనుకుంట ఏసేస్తడు.

అంచనా నేర్చుకునే పద్ధతి మా బాపు దగ్గరే దొరికింది. పళ్లెంల పెట్టుకొని ముందు నోటితోని అంకె చెప్పాలె, తర్వాతే కాంటా. ముందే కాంటా చూస్తే కన్ను నేర్చుకోదు, లెక్క రాసుకున్నట్టు అయితది అంతే. మూడు వారాలు ఇట్ల చేసిన, మొదటి వారం అన్నం కాడ సగానికి సగం తప్పు, మూడో వారానికి 30, 40 గ్రాములకు వచ్చింది. నూనె మాత్రం ఎంత చేసినా కంటికి రాలే, అందుకే అది ఇప్పటికీ కాంటా మీదనే. కాంటా కొనేటోళ్లకు, 5 కిలోల దాకా 1 గ్రాము తేడాతోని చూపెట్టేది చాలు, కొన్నంక కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూసుకోండ్రి, కవర్ బరువు రెండు మూడు గ్రాములు పోను సరిపోవాలె. సదరంగ ఉన్న బండ మీద పెట్టాలె.

ఇది అందరి పని కాదు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేటోళ్లు, కొన్ని రకాల షుగర్ గోళీలు ఏసుకునేటోళ్లు తిండి ఒక్కసారే తగ్గిస్తే షుగర్ పడిపోయి కింద పడతరు, డాక్టర్‌కు చెప్పి మందు మార్పిచ్చుకోవాలె. కడుపుతోని ఉన్నోళ్లు, ఎదిగే పిల్లలు దీని జోలికి రావొద్దు. తిండి అంటేనే భయం పట్టుకున్నోళ్లకు, తిన్నంక కక్కుకునే అలవాటు ఉన్నోళ్లకు కాంటా మందు కాదు, విషం. మామూలు మనుషులల్ల కూడా కొందరికి అంకె చూస్తే రోజంతా ఖరాబ్ అయితది, అసొంటోళ్లు గిన్నె, గరిటె ఫిక్స్ చేసుకొని నెల నూనె లెక్క చూసుకుంటే సాలు.

నేను ఇప్పుడు 79 దగ్గర ఉన్న, ఏడాదిన్నర పట్టింది, నడుమ రెండుసార్లు మూడేసి కిలోలు మళ్ల పెరిగిన. రోజూ తూకం ఎప్పుడో బందు పెట్టిన, రెండు నెలలకోసారి ఒక వారం మాత్రం కాంటా బయటికి తీస్త, కన్ను ఎటు జరిగిందో చూసుకోనీకి. పోయిన ఆదివారం బాపు, నేను ఇద్దరం పళ్లేలు పెట్టుకొని పందెం కట్టినం. నా అన్నం 180 అన్న, 214 వచ్చింది. బాపు ఆయన పళ్లెంను చేతుల పట్టుకొని జర లేపి, కంటితోని చూడనే లేదు, పళ్లెంతో సహా 700 అన్నడు. 690.